సమయానికి రావడమనే అనర్హత

కడపలో చింతపండు, ఎండుమిర్చి టోకు వర్తకులైన శ్రీ పెద్దసుబ్బయ్య శెట్టిగారి ఇంటి ముందుగోడకు అంటించి ఉన్న రాతి టైల్సులో ఒకటి, శుక్రవారం తెల్లవారుజామున, ఎవరి అనుమతీ తీసుకోకుండా మేడ మీది నుంచి నేలకు దిగివచ్చిందని తెలియజేయడమైనది. అది దిగిన చోట ఆ సమయానికి శెట్టిగారి సతీమణి నాగలక్ష్మమ్మ ఉండవలసింది. ముగ్గులోకి పసుపు డబ్బా తెచ్చుకోవడానికి ఆమె లోపలికి వెళ్లడం వల్ల, టైలు ఆమెకు బదులు అప్పుడే వేసిన పద్మంతో సరిపెట్టుకుంది. చప్పుడుకు వీధి వీధంతా వచ్చి చూసి, పద్మం పాడైనందుకు విచారం వెలిబుచ్చి, ఎవరి కాఫీకి వాళ్లు వెళ్లిపోయారు.

మరునాటి నుంచి నాగలక్ష్మమ్మ భర్తగారి హెల్మెట్టు పెట్టుకొని ముగ్గు వేయసాగింది. బండితోపాటు వచ్చిన ఆ హెల్మెట్టు అట్టపెట్టెలోంచి బయటి ప్రపంచాన్ని చూడటం అదే మొదలు. పోలీసువారు ఎన్ని వారోత్సవాలు జరిపినా ఒక్క తలకాయా లొంగని ఆ వీధిలో, కల్లాపి చల్లే ఇల్లాలు హెల్మెట్టుతో కనిపించేసరికి, పాలవాడు బండి దిగి నమస్కారం పెట్టి మరీ పాలు పోశాడు.

"గోడ మీది. దాన్ని ఏం జేసుకుంటారో మీ ఇష్టం. తలకాయ మాత్రం నాది," అని ఆమె భర్తకు ఒకే ఒక్కసారి చెప్పింది.

శెట్టిగారికి భార్య అంటే ప్రేమ. ఆ సంగతి ఆయన ముప్పై ఏళ్లుగా ఎవరికీ పొక్కనివ్వలేదు, ఆమెకు కూడా. అంగట్లో కూర్చున్నా హెల్మెట్టు అద్దంలోంచి తొంగిచూసే ఆమె కళ్లే కనబడుతుంటే అన్నం సయించలేదు. పాత టైల్సు ఊడదీయించి, ఇంటి ముందువైపు ఎలివేషన్ మొత్తం కొత్తగా చేయించాలని, దానికి నమ్మకమైన కాంట్రాక్టరును వెతకాలని నిశ్చయించారు.

పెద్దసుబ్బయ్యగారు మోసపోయే మనిషి కాదు. చింతపండు రెబ్బ నాలుకమీద వేసుకొని, అది ఏ కొండవైపు చెట్టుదో, అమ్మినవాడు బరువు కోసం ఎన్ని చెంబుల నీళ్లు చల్లాడో చెప్పగలరు. అయితే ఈ శక్తి చింతపండుతో మొదలై చింతపండుతోనే ముగుస్తుంది. పాత టైల్సు అంటించిన కాంట్రాక్టరును ఆయన ఎంచుకున్నది నుదుటి నామం చూసి. "మీ మనవళ్లుండంగా ఒక్క టైలు కూడా ఊడదు శెట్టీ" అని ఆ మహానుభావుడు మంత్రాలయం స్వామి మీద ఒట్టేశాడు. మనవళ్లు ఇంకా పుట్టలేదు గనుక, మాట నిలబెట్టుకున్నట్టే.

ఈసారి మొదట వచ్చిన పేరు యామిని. నాగలక్ష్మమ్మ గుళ్లో నలుగురిని విచారించి తెచ్చిన పేరది. ఇంజనీరింగు చదివి, తండ్రి పోయాక ఆయన మేస్త్రీలనూ ఆయన స్కూటరునూ నడుపుతున్న మనిషి. ఆదివారం తొమ్మిదికి వస్తానని చెప్పి, ఆదివారం తొమ్మిదికి వచ్చింది. కాంట్రాక్టరు తొమ్మిది అన్నాడంటే మనం భోంచేసి ఒక కునుకు తీసి లేచేదాకా భయం లేదన్న లోకజ్ఞానంతో శెట్టిగారు అప్పుడే తలకు ఆముదం పట్టించుకొని కూర్చున్నారు. ఆముదం కారుతున్న మొహంతోనే ఆయన బయటికి రావలసి వచ్చింది. ఆ అవమానాన్ని ఆయన అంత సులభంగా మరచిపోలేదు.

యామిని నిచ్చెన వేయించుకొని గోడను చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టింది. మిద్దె ఎక్కి నీళ్ల ట్యాంకు చూసి దిగివచ్చింది.

"సార్, తప్పు టైల్సుది కాదు. ట్యాంకు పైపు గోడలోపల కారతాండాది. తడిగోడకు ఏం అంటించినా నిలబడదు. ముందు పైపు మార్చల్ల. ఉన్న టైల్సన్నీ దింపి, గోడ ఆరినాక గట్టిగా పూత పూసి రంగేస్తే సాలు."

"పైన ఏమీ అంటించవా?" అన్నారు శెట్టిగారు, పెళ్లికి పిలిచి భోజనం లేదంటే అడిగినట్టు.

"గోడే గట్టిగుంటే దానికి చొక్కా ఏంటికి సార్?"

ఎంతవుతుందో, ఎప్పటికవుతుందో చెప్పేసి వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగాక శెట్టిగారు పరీక్షకని ఫోను చేశారు. మొదటి రింగుకే ఎత్తింది. ఆయన గుండె జారిపోయింది.

వెంటనే పక్కింటి ఓబుళేశును పిలిపించారు. ఓబుళేశు తన ఇంట్లో ఒక మేకు కూడా సొంతంగా కొట్టించి ఎరగడు. అందుచేత ఆ వీధిలో అన్ని నిర్మాణాలకూ ఆయనే సలహాదారు. విషయం అంతా విని, మంచం మీద సర్దుకొని కూర్చొని, ఆయన ఇలా ఉపన్యసించాడు:

"సూడు శెట్టీ. టయానికి వచ్చిందంటే వేరే పనుల్లేవని. ఫోనెత్తిందంటే వేరే ఎవురూ చేయరని. పని తక్కువ చెప్పిందంటే, పని రాదని. నమ్మకమైన కాంట్రాక్టరంటే ఎట్లుండల్ల? మనం ఆయప్ప ఎనకాల పడల్ల, ఆయప్ప దొరక్కుండా పోవల్ల. దొరకనోడే గొప్పోడప్పా!"

"ఆ పాప చెప్పింది నిజమే కదా. పైపు కారేది నాకూ ఇనబడతాండాది," అంది లోపలి నుంచి నాగలక్ష్మమ్మ.

"మొదటి దినమే నిజం చెప్పే మనిషి వ్యాపారం ఏం జేస్తాది?" అన్నారు శెట్టిగారు, అనుభవం మీద.

ఆ విధంగా సమయపాలన, ఫోను ఎత్తుట, నిజం పలుకుట అనే కారణాల చేత యామిని అనర్హురాలిగా నిర్ణయించబడింది.

ఓబుళేశు చెప్పిన పేరు కిరణ్‌కుమార్. ఆయన ఎన్నాళ్లకూ దొరకలేదు. దొరకని ప్రతి రోజూ ఆయన మీద శెట్టిగారికి గౌరవం పెరుగుతూ పోయింది. చివరకు రమ్మన్న రోజు కాక మరేదో రోజున తెల్ల కారులో వచ్చారు. జేబుల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన ఒక్కటీ ఎత్తలేదు. మోగే ఫోనును అంత ప్రశాంతంగా నొక్కిపారేసే మనిషిని శెట్టిగారు అంతకుముందు చూడలేదు. ఆ ఫోను చేసేవాళ్లెవరో ఆలోచించవలసిందని ఆయనకు ఆ క్షణాన తోచలేదు.

"శెట్టిగారూ, నేను పని అమ్మను. నమ్మకం అమ్ముతా," అని కిరణ్‌కుమార్ మొదలుపెట్టారు. "రాయి పాత మాట. ఇప్పుడంతా ప్యానెళ్లే. చూడండి, కడప రాయి డిజైను. బెంగళూరు నుంచి తెప్పిస్తా. ప్లాస్టిక్కే. కానీ దీన్ని చూస్తే అసలు రాయికే తను రాయినేనా అని అనుమానం రావల్ల."

నల్లటి కడప బండలు పేర్చుకున్న లారీలు రోజూ ఆ వీధి చివరి నుంచే ఊళ్లేలడానికి పోతాయి. శెట్టిగారు సందేహిస్తూనే అడిగారు.

"కడప రాయి మన ఊర్లోనే ఉండాది కదప్పా?"

"ఉండాది. అందుకే దానికి ఇలువ లేదు."

వర్తకుడిగా శెట్టిగారు ఈ సూత్రాన్ని ఒప్పుకోక తప్పలేదు.

అయినా ఆయన జాగ్రత్తపరులు. కిరణ్‌కుమార్ అంతకుముందు ప్యానెళ్లు బిగించిన ఇంటిని చూడటానికి వెళ్లారు. ఆ ఇంటి యజమాని పుల్లయ్య, రిటైరైన తహసీల్దారు. ఇంటి ముందు ప్యానెళ్లకు అడ్డంగా నైలాను తాడు కట్టి ఉంది. దానిమీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

"పని ఎట్లుండాది సార్?"

"శానా బాగుండాదప్పా! కళ్లు మూసుకొని ఇచ్చేయ్."

"మరి ఈ తాడు?"

"బట్టలకు," అన్నారు పుల్లయ్య, కొంచెం ఆలోచించి.

చెబుతున్నంతసేపూ ఆయన మొహం వెలుగుతూనే ఉంది. తృప్తి వల్ల అనుకున్నారు శెట్టిగారు. ఒంటరిగా గుంటలో ఉన్నవాడికి పైన మనిషి అలికిడి వినబడితే కూడా మొహం అలాగే వెలుగుతుంది.

మాఘమాసంలో ప్యానెళ్లు ఎక్కాయి. కారే పైపు జోలికి ఎవరూ పోలేదు. పైపు బయటికి కనబడదు, ఎలివేషన్ కనబడుతుంది. ఇల్లు బ్రహ్మాండంగా కుదిరింది. దారిన పోయేవాళ్లు దాని ముందు సెల్ఫీలు తీసుకున్నారు. ఓబుళేశు తన ఇంటికి వచ్చిన చుట్టాలను తీసుకొచ్చి, తన సలహా ఇదేనని చూపించాడు. హెల్మెట్టు అట్టపెట్టెలోకి వెళ్లిపోయింది.

తర్వాత ఎండలు వచ్చాయి. కడప ఎండ ఎవరి సిఫార్సూ వినదు. ప్యానెళ్లు మొదట మెత్తబడ్డాయి, ఆపైన నూనెలో వేసిన పూరీల్లా ఒక్కొక్కటే పొంగాయి. పొంగినవాటి వెనక నుంచి గోడ నీళ్లు చారలుగా కిందికి జారాయి. ఒక సాయంత్రం గాలివాన వచ్చి, ఊడడానికి సిద్ధంగా ఉన్నవాటిని ఊడదీసుకొని వెళ్లింది. అందులో పెద్దది ఓబుళేశు స్కూటరు మీద వాలింది. అది నీడకు బాగుందని ఆయన ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. కిరణ్‌కుమార్‌కు శెట్టిగారు ఫోను చేశారు. బాగా మోగింది. ఏదో ఒక పెద్దమనిషి ఇంటి వరండాలో, కిరణ్‌కుమార్ దాన్ని ప్రశాంతంగా నొక్కిపారేసి ఉంటారు.

నాగలక్ష్మమ్మ మళ్లీ అట్టపెట్టె తెరిచింది. హెల్మెట్టు దుమ్ము దులిపి తలకు పెట్టుకుంది. మిర్చి కొనుగోళ్లకని శెట్టిగారు గుంటూరు బయలుదేరి, అటు నుంచి అటే మనశ్శాంతికి మంత్రాలయం పోయి వస్తానన్నారు. ఆయన ఆటో కదలగానే ఆమె యామినికి ఫోను చేసింది. మొదటి రింగుకే ఎత్తింది.

"ఆ పొద్దు నిన్ను వద్దంటిమి. మనసులో పెట్టుకోవాకు పాపా. ఆయన వచ్చేలోపల అయిపోవల్ల."

"అయిపోతాది అమ్మా. ఎండలు మంచిగా ఉండాయి, గోడ బిన్నా ఆరుతాది, శానా దినాలు పట్టదు."

శెట్టిగారు తిరిగి వచ్చిన ఉదయం, ఆటో ఆయన ఇల్లు దాటి ముందుకు పోయింది. ఆయనే పోనిచ్చారు. తన ఇల్లు గుర్తుపట్టలేదు. వెనక్కి వచ్చి చూస్తే, ఏ చొక్కా లేని వెన్నరంగు గోడ. గేటు ముందు భార్య ఉత్త తలతో కూర్చొని, తీరిగ్గా చుక్కలు పెడుతోంది. ఆయన సంచి కింద పెట్టి గోడమీద అరచెయ్యి ఆనించి చూశారు. పొడిగా, చల్లగా, గట్టిగా ఉంది.

"ఎట్లుండాది?" అంది ఆమె తల ఎత్తకుండానే.

"బాగుండాది," అని, సంచి మళ్లీ చేతికెత్తుకొని, "ఎండెక్కతాండాది, లోపలికి రా," అన్నారు. ముప్పై ఏళ్లలో అది ఆయన చేసిన అతి బాహాటమైన ప్రకటన.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ వీధి ఒకటి ఉంది కదా. ఆ సాయంత్రం నుంచి పరామర్శలు మొదలయ్యాయి. "వ్యాపారం ఎట్లుండాది శెట్టీ?" అని చావింటికి వచ్చినంత మెత్తగా అడిగారు. ఓబుళేశు చెయ్యి పట్టుకొని, "కష్టాలు మనుషులకు రాకపోతే మానులకొస్తాయా?" అన్నాడు. బజారులో దళారీలు సరుకు దింపే ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్యానెళ్లు ఉన్న ఇల్లు సున్నపు గోడకు దిగిందంటే శెట్టి దిగజారినట్టేనని ఊరు నిర్ధారణకు వచ్చింది.

శెట్టిగారు నిజం చెప్పి చూశారు. పైపు కారేదని, ఆ పాప సరిచేసిందని, టయానికి వస్తుందని, న్యాయంగా తీసుకుంటుందని. ఒక్కో నిజానికీ విన్నవాళ్ల మొహాల్లో జాలి ఒక్కో మెట్టు పెరిగింది. యామినికి ఒక్క పనీ రాలేదు.

అప్పుడు ఆయనలోని చింతపండు వర్తకుడు నిద్రలేచాడు. మర్నాడు ఓబుళేశు నలుగురిని వెంటబెట్టుకొని మరో విడత ఓదార్చడానికి వచ్చినప్పుడు, శెట్టిగారు కాలుమీద కాలేసుకొని కూర్చున్నారు.

"మామూలు గోడనుకుంటాండారా? ఆయమ్మ చేసిన పని! దొరకదప్పా ఆయమ్మ. ఎన్నిసార్లు తిరిగితినో నాకే తెలీదు. ఫోనెత్తదు. ఇల్లు నచ్చితేనే ఒప్పుకుంటాది. రేటు అడిగితే లేచి పోతాది. మీ ఇండ్లకు యాడొస్తాదిలే!"

జాలి ఆ క్షణమే ఆగిపోయింది. నలుగురూ గోడను కొత్తగా చూశారు. అందులో ఒకాయన దానికి 'ఫారిన్ లుక్కు' ఉందన్నాడు. చీకటి పడేలోపల ఓబుళేశు ఒక్కడే వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి నంబరు అడిగాడు. వారం తిరక్కముందే తహసీల్దారు పుల్లయ్య కూడా ప్యానెళ్లు దింపించడానికి తాడు విప్పి, తువ్వాళ్లు తీసేశారు.

కానీ యామినికి కొత్త చిక్కు వచ్చింది. చెప్పిన వేళకు ఓబుళేశు ఇంటికి వెళ్తే, ఆయన గడియారం వైపూ ఆమె వైపూ చూసి, "నువ్వు యామిని మేడమేనా? ఆయమ్మ పంపిచ్చిన మనిషివా?" అని అడిగాడు. ఇంకో ఇంట్లో, ఫోను ఎత్తిన పాపానికి పని రద్దయింది. ఆమె నేరుగా శెట్టిగారి దగ్గరికి వచ్చింది.

"నా గురించి ఏం చెప్పినారు సార్?"

"మంచే చెప్తిని తల్లీ," అన్నారు శెట్టిగారు నొచ్చుకుంటూ. "నువ్వే రవ్వంత లేటుగా పోవల్ల."

పుట్టుకతో వచ్చిన గుణం ఒక్కసారిగా పోదు. యామిని ఇప్పటికీ చెప్పిన వేళకే వస్తుంది. అయితే వీధి మలుపులో స్కూటరు ఆపి, నన్నారి షర్బత్తు బండి దగ్గర బల్లమీద కూర్చుంటుంది. ఫోను మోగుతుంటే ఎత్తకుండా ఉండటం మొదట్లో కష్టంగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది. మీరు గేటు పట్టుకొని అటూ ఇటూ చూస్తూ, ఇంతసేపు రాలేదంటే చాలా గొప్ప మనిషే అయ్యుంటుందని లోలోపల మురిసిపోతున్నంతసేపూ, ఆమె అక్కడ మీకోసమే ఖాళీగా కూర్చొని ఉంటుంది. ఆ షర్బత్తు ఖర్చు మీ బిల్లులోనే పడుతుంది.