బుడగ లేని పొర

మా ఇంట్లో కొత్త కంప్యూటర్ నిర్మాణం దిగ్విజయంగా పూర్తయిందనీ, అది నడవడం లేదనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నడవడం లేదనడం పూర్తి నిజం కాదు. మొదటి నాలుగు నిమిషాలు పరుగెత్తుతుంది. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి ఆలోచనలో పడుతుంది. అప్పుడు మీట నొక్కితే, అక్షరం తెర మీదికి వచ్చేలోపు మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పాలు దించి రావచ్చు. ఒకసారి వెళ్ళి వచ్చింది కూడా. అక్షరం ఇంకా రాలేదు.

విడిభాగాలు తెచ్చి దీన్ని మా అమ్మాయి తన చేతులతో బిగించింది. ఆమె భవనాల నక్షాలు గీసే చదువు చదివింది. ఒక పెద్ద నిర్మాణ సంస్థవాళ్ళు ఆమెకు పరీక్ష పెట్టారు. ఒక బడి భవనం గీసి, మనం గుమ్మంలోంచి లోపలికి నడిచి వెళ్తున్నట్టు కదిలే బొమ్మగా చేసి, శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పంపాలి. బాగుంటే ఉద్యోగం, పంపకపోతే నమస్కారం. మామూలు కంప్యూటర్‌లో అలాంటి బొమ్మ కదలదట. మా దాంట్లో కదులుతుంది గాని, బడి గుమ్మం దాకా వచ్చి నిలబడిపోతుంది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదని మొహమాటం కాబోలు.

ఇక్కడ మా ఇంటి క్రమశిక్షణ గురించి చెప్పాలి. కొత్త వస్తువును కొత్తగా ఉంచడం గృహస్థు ధర్మమని నా నమ్మకం. మా ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవాడు అంటించిన పొర తొమ్మిదేళ్ళుగా చెక్కుచెదరలేదు. అంచు లేచినప్పుడల్లా ఒక్క బుడగ లేకుండా మళ్ళీ అతికించేది నేనే. టీవీ రిమోటు ప్లాస్టిక్ కవరులోనే ఉంటుంది. అంకెలు కనిపించవు గాని, ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చు. సోఫా కొన్ననాటి ప్లాస్టిక్‌లోనే ఉంది. ఎండాకాలంలో దాని మీద కూర్చున్న చుట్టాలు లేచేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. వాళ్ళు మళ్ళీ రారు. మా నాన్నగారు ఇచ్చిన పవిత్ర గ్రంథం కూడా ఆయన తెచ్చిన కవరులోనే, అలమర పై అరలో పదకొండేళ్ళుగా భద్రంగా ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని కళ్ళకద్దుకుంటాను. కవరు ఎంత నునుపో చెప్పలేను.

కంప్యూటర్ బిగించిన రోజు నా వంతు సేవ నేనూ చేశాను. కంప్యూటర్ మెదడును చల్లబరిచే ఫ్యాన్ ఒకటుంది. దాని అడుగున అద్దంలా మెరిసే రాగి పలక. అమ్మాయి ఆ పలక మీది పలుచని పొరను చర్రున ఊడదీసి బల్ల మీద పడేసి, ఇంతలో ఫోను మోగితే వసారాలోకి వెళ్ళింది. పిల్లలకు వస్తువు విలువ తెలియదు. నేను ఆ పొరను తీసుకుని, ఒక్క బుడగ లేకుండా బొటనవేలితో నిమిరి, యథాస్థానంలో అతికించాను. ఆమె తిరిగొచ్చి, మెదడు మీద వేడిని లాగే పేస్టు పూసి, పలకను మళ్ళీ చూడకుండానే ఫ్యాన్‌ను బోర్లించి బిగించేసింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చేసిన మేలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు.

బుధవారం నాడు విచారణ సంఘం ఏర్పడింది. సభ్యులు ఇద్దరు. మొదటివాడు మా బావమరిది. తన ఆఫీసులో కంప్యూటర్ల విభాగం మొత్తం అతని చేతి మీదే నడుస్తుంది. అంటే సాయంత్రం వాటికి దుప్పట్లు కప్పేది అతనే. రెండో సభ్యులు పక్కింటి పెద్దాయన, మంచినీటి సరఫరాలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు.

"లోపల తొంభై ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది మావయ్యా. వేడి ఎక్కువైతే అదే వేగం తగ్గించుకుంటుంది. ఒకసారి విప్పి చూస్తాను" అంది అమ్మాయి.

"వేడి ఎక్కువైందంటే జ్వరం. జ్వరమంటే ఏమిటమ్మా? వైరస్సే కదా!" అన్నాడు బావమరిది.

ఇంత స్పష్టమైన నిర్ధారణ తర్వాత చర్చకు తావులేకపోయింది. వైరస్‌ను పట్టే కాపలా ప్రోగ్రాము ఒకటి ఎక్కించాడు. దాని మీద నమ్మకం చాలక రెండోది ఎక్కించాడు. ఆ రెండింటి మీదా నిఘాకు మూడోది. ముగ్గురు కాపలాదార్లూ ఒకరినొకరు దొంగలనుకుని పట్టుకున్నారు. నాలుగు నిమిషాల పరుగు రెండు నిమిషాలకు దిగింది.

అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకుని ప్రసంగించారు. "నీరైనా, సమాచారమైనా ప్రవహించేదే. ప్రవాహానికి వంపే శత్రువు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో నేను ఒక్క వంపును కూడా క్షమించలేదు." వారి ఆదేశం మేరకు వైర్లన్నీ సూటిగా లాగాం. సూటిగా లాగడానికి కంప్యూటర్‌ను హాలు మధ్యకు తెచ్చాం. పల్లంలో ఉంటే ప్రవాహం బాగుంటుందని నేల మీద పెట్టాం. అప్పటినుంచి మా ఇంట్లో అందరం ఆ వైర్ల మీదుగా వంటింటికి గెంతుతూ వెళ్తున్నాం. మా ఆవిడ చేతిలో పప్పుగిన్నెతో గెంతడం నేను కళ్ళారా చూశాను.

సభ్యులిద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరలేదు, ఒక్కదాంట్లో తప్ప. మూలకారణం అమ్మాయి చెయ్యి.

"ఆడపిల్లవి, స్క్రూడ్రైవర్ నీకెందుకమ్మా? నన్నడిగితే తయారుగా ఉన్నది తెచ్చేవాణ్ణి కదా" అన్నాడు బావమరిది.

"మీ ఆఫీసులో అవే ఉన్నాయిగా మావయ్యా. ఎలా నడుస్తున్నాయి?"

"దుప్పటి కింద భద్రంగా ఉన్నాయి."

కొత్తదాన్ని విప్పితే గీతలు పడతాయి కాబట్టి విప్పరాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. నేను బలపరిచాను. అమ్మాయి రెండు రోజులపాటు రెండేసి నిమిషాల చొప్పున బడి కట్టుకుంటూ కూర్చుంది.

మనుషులు చేయగలిగింది అయిపోయింది గనుక నేను దేవుణ్ణి ఆశ్రయించాను. కంప్యూటర్ ముందు కళ్ళు మూసుకుని ప్రార్థించాను. నమ్మండి, ఫలితం కనిపించింది! ఐదు నిమిషాలు ప్రార్థిస్తే కాసేపు చక్కగా నడిచింది. పావుగంట ప్రార్థిస్తే ఇంకొంచెం ఎక్కువ నడిచింది. నేను పద్ధతి గల మనిషిని. ఎంతసేపటి ప్రార్థనకు ఎంతసేపటి అనుగ్రహమో కాగితం మీద రాసుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు, సంఘం సమక్షంలో ఆ కాగితం గంభీరంగా చదివాను.

అమ్మాయి ఒక్కసారిగా తలెత్తింది. "నాన్నా, మీరు ప్రార్థన చేసేటప్పుడు కంప్యూటర్ ఆపేస్తారా?"

"ఆపకుండా ఎలా? దేవుడి ముందు ఆ ఫ్యాను రొద ఏమిటి?"

"మావయ్యా, వైరస్ అయితే ఆపినంత మాత్రాన తగ్గుతుందా? నాన్న ప్రార్థిస్తున్నంతసేపూ అది చల్లారుతోంది. అంతే."

మా ఆవిడ గెంతుకుంటూ వచ్చి స్క్రూడ్రైవర్ కూతురి చేతిలో పెట్టింది. "నువ్వు విప్పవే. వీళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

విప్పింది. రాగి పలకకూ మెదడుకూ మధ్య పలుచని పొర. దాని మీద చిన్న అక్షరాలు: వాడే ముందు ఈ పొరను తొలగించండి.

"ఎక్కడో అడ్డుపడిందని నేను చెప్పలేదూ!" అన్నారు పెద్దాయన.

"పొర కూడా ఒక రకం వైరస్సే" అన్నాడు బావమరిది. అమ్మాయి వైపు తిరిగి, "ఇంత చిన్న సంగతి చూసుకోలేదేమ్మా? అందుకే వద్దన్నది" అన్నాడు.

"నేను తీశాను మావయ్యా. తీసి బల్ల మీద పెట్టాను. నాకు బాగా గుర్తు." ఎవరూ నమ్మలేదు. నేను కళ్ళు మూసుకుని మౌనంగా ప్రార్థన మొదలుపెట్టాను. సత్యం పలకమని నాకు చెప్పవద్దని దేవుణ్ణి వేడుకున్నాను.

మా ఆవిడ పొర అంటుకునే ఉన్న ఆ ఫ్యాన్‌ను వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంత పేస్టులో నలిగినా ఒక్క బుడగ లేదు. ఈ ఇంట్లో బుడగ లేకుండా అతికించగల చెయ్యి ఒక్కటే ఉంది" అంది.

అందరూ నా వైపు చూశారు. తొమ్మిదేళ్ళ తర్వాత నా పనితనానికి తొలిసారి గుర్తింపు దక్కింది. తల వంచుకుని స్వీకరించాను.

అమ్మాయి పొర తీసి మళ్ళీ బిగించి, ముగ్గురు కాపలాదార్లనూ సాగనంపింది. నాలుగూ యాభై రెండుకు బొమ్మ గుమ్మం దాటి బడి లోపలికి నడిచింది. నాలుగూ యాభై ఏడుకు సంస్థకు చేరింది. మరుసటి వారం ఉద్యోగం వచ్చింది. సంఘం సభ్యులిద్దరూ అభినందనలు స్వీకరించారు, తమ తరఫున.

అమ్మాయి నాకు శిక్ష వేసింది. ఇంట్లో ఉన్న పొరలన్నీ నా చేత్తోనే తీయాలి. తీశాను. మా సోఫా నీలం రంగుదని ఆ రోజే తెలిసింది. చివరికి అలమర పై అర దగ్గరికి వచ్చాం. అమ్మాయి కత్తెర అందించింది.

"ఇది వద్దమ్మా" అన్నాను.

"ఎందుకు నాన్నా?"

"కంప్యూటర్ పొర మీద ఏమని రాసుంది? వాడే ముందు తీయమనే కదా."

అమ్మాయి నా చేతిలోంచి కత్తెర తీసుకుని వెళ్ళిపోయింది.

మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వే ముందు ఒకసారి ఇంటికి వెళ్ళి మీ పై అర చూసుకుని రండి. వచ్చేదాకా కూర్చునే ఉంటాను. మా సోఫా ఇప్పుడు మెత్తగానే ఉంది.