ఆరో మెట్టు

“కుర్చీ మీద తువ్వాలు ఎవరు తీశారు?” అంది ఆశాజ్యోతి.

“నేనే. స్నానం చేశాక దేంతో తుడుచుకోమంటావు?” అన్నాడు వెంకటరత్నం.

“అది బొమ్మలో ఉందండి. మడతతో సహా గీశాను. మళ్లీ అలాగే వెయ్యండి.”

రావులపాలెంలో ఇరవయ్యేళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్న మనిషికి మడతలు ఒకరు నేర్పాలా? మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ ఆవిడ తల అడ్డంగా ఊపింది. నాలుగోసారి తనే వేసుకుంది.

తువ్వాలు సంగతి ఎలా ఉన్నా, కుర్చీ పక్కనున్న బీరువా కూడా బొమ్మలో ఉందని తెలిసి వెంకటరత్నం చూపు దాని నెత్తి మీదకి పోయింది.

బీరువా మీద పాత సూట్‌కేసు. దాని వెనక బిస్కెట్ల డబ్బా. డబ్బాలో పూతరేకులు. షుగరు మూడొందలు దాటిన రోజున, అన్నవరం ప్రసాదం తప్ప తీపి ముట్టనని భార్యకీ కూతురికీ మాటిచ్చాడు. అప్పట్నుంచి కొండకి ఎవరు వెళ్తున్నారా అని ఊరంతా వాకబు చేస్తున్నాడు. ఈ నెల ఒక్కరూ వెళ్లలేదు. అందుకే ఈ డబ్బా.

“వేరే ఏ బొమ్మా దొరకలేదా?”

“ఆన్‌లైన్ క్లాసులో సుప్రియ మేడం చెప్పారు. ఒకే వస్తువుని మూడు ఎత్తుల నుంచి గీయాలంట. కింద కూర్చుని ఒకటి, నిలబడి ఒకటి అయిపోయాయి.”

“మూడోది?”

“పైనుంచి.”

ఆవిడ ఒక కన్ను మూసి, పెన్సిలు చాచి పట్టుకుంది. దాని కొన సూట్‌కేసు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగినట్టు అనిపించింది.

“ఆ కన్నెందుకు మూశావు?”

“కొలతకి. మీకెందుకండీ అంత కంగారు?”

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే పుస్తకం తిరగేశాడు. రెండు బొమ్మల్లోనూ డబ్బా లేదు. కింద నుంచి చూస్తే బీరువా నెత్తి కనపడదు కదా. మరి పైనుంచి చూస్తే?

బీరువా ఉన్న హాల్లోంచే డాబా మీదకి మెట్లున్నాయి. తనూ ఒక కన్ను మూసి, ఒక్కో మెట్టే ఎక్కాడు. గోడ మీద పెళ్లి ఫొటోలో ఇద్దరి తలలూ సమానంగా ఉన్నాయి. ఆరో మెట్టు దాకా సూట్‌కేసే కనిపించింది. ఏడో మెట్టు మీద డబ్బా మూత తొంగిచూసింది.

డబ్బా తీసేద్దామంటే దాచే చోటు లేదు. ఇంట్లో ఆవిడ చీపురు వెళ్లని చోటు అదొక్కటే. కొట్లో పెడితే పట్టుచీరలకి చీమలు. అందుకని మర్నాడు పొద్దున్నే బావమరిది తోట నుంచి మూడు బస్తాల కొబ్బరికాయలు తెప్పించి, ఏడో మెట్టు నుంచి పైకి వరసగా పేర్పించాడు.

“తమ్ముడు ఫోన్ చేశాడు. బావగారికి అర్జంటుగా మూడు బస్తాలెందుకని అడిగాడు,” అంది ఆశాజ్యోతి.

“పండక్కి.”

“ఏ పండక్కి?”

“వచ్చే పండక్కి.”

ఆవిడ మెట్ల మీది కాయల్ని చూసింది. ఆయన్ని చూసింది. “సరే. ఆరో మెట్టు చాలు లెండి,” అంది.

వెంకటరత్నం ఈల వేసుకుంటూ కొట్టుకి వెళ్లాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి, డిగ్రీ చదివే కూతురు హర్షిత మూడో బొమ్మని ఆవకాయ జాడీకి ఆనించి పెట్టింది. బీరువా, సూట్‌కేసు, కుర్చీ మీద తువ్వాలు. సూట్‌కేసు వెనక డబ్బా. మూత సరిగ్గా పడలేదు. అంచులోంచి పూతరేకు చుట్టిన కాగితం ఒకటి బయటికొచ్చి ఉంది.

“ఆరో మెట్టు మీంచి ఇది కనపడదే,” అన్నాడు వెంకటరత్నం.

అన్నాక నాలిక కరుచుకున్నాడు.

“నీకు కనపడదు నాన్నా. అమ్మ నీకంటే జానెడు పొడుగు,” అంది హర్షిత. “పెళ్లి ఫొటోలో నీ కాళ్ల కింద పీట ఉందని అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది.”

ఆయన అన్నం కెలికాడు. తర్వాత నెమ్మదిగా, “ఇంతకీ అవి...” అన్నాడు.

“నేనూ హర్షితా తినేశాం. నెయ్యి కాస్త తగ్గింది,” అంది ఆశాజ్యోతి, కాకరకాయ కూర వడ్డిస్తూ. “రేపట్నుంచి మీకు వాకింగు అక్కర్లేదు. రోజుకి ఇరవై కాయలు, ఒక్కోటీ చేత్తో పట్టుకుని డాబా మీదకి చేర్చండి. నేను కింద కూర్చుని గీస్తాను. వచ్చే పాఠం కదిలే మనిషంట.”