ఇది ఫ్లాట్ కాదు

ఆ ఆదివారానికి ముత్యం పెట్టుకున్న పని ఒక్కటే. ఇల్లు చూడడానికి వచ్చే పార్టీకి మర్యాద చేసి బేరం ఖాయం చేసుకోవాలి. అతను సూపర్‌వైజరుగా ఉన్న మగ్గాల కార్ఖానాను సేఠ్ ఊరి బయటి జోల్వాకు మార్చేశాడు. సూరత్‌లో తాముంటున్న బమ్రోలి నుంచి రోజూ అంత దూరం మోటార్‌సైకిల్ మీద పోయి వస్తుంటే ముత్యం నడుము పట్టేసింది. ఉన్న ఫ్లాట్ అమ్మేసి జోల్వాలోనే ఏదైనా చూసుకుందామని అతని ఆలోచన. "నడుము నొస్తే మందు రాసుకుంటరు గని, ఇల్లు అమ్ముకుంటరా" అని భార్య జమున మొదటి రోజు నుంచీ అంటూనే ఉంది. ఈలోగా శివకృష్ణ అనే బ్యాంకు ఉద్యోగి ఫోను చేసి, ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. మనిషిని ముత్యం ఇంకా చూడలేదు.

గడ్డానికి నురగ రాసుకుని అద్దం ముందు నిలబడేసరికి కూతురు సాయిప్రియ పుస్తకం పట్టుకుని వచ్చింది. సీనియర్ కేజీ చదువుతోంది. ఇంట్లో నోరు మూయదు, బయటివాళ్ళు అడిగితే నోరు తెరవదు. టీచరుది కూడా అదే ఫిర్యాదు.

"పప్పా, ఇంట్ల ఫ్లాట్ షేపులు ఏమున్నయో, సాలిడ్ షేపులు ఏమున్నయో చూసి రమ్మన్నది టీచర్."

ముత్యం ఏ పనైనా సగంలో వదిలే రకం కాదు. నురగ మొహంతోనే కింద కూర్చుని, చాక్‌పీసుతో నేల మీద గుండ్రంగా ఒక గీత గీశాడు. పక్కన బంతి పెట్టాడు.

"గీసింది చేతిల పట్టుకొస్తదా బిడ్డా?"

"రాదు."

"గందుకే అది ఫ్లాట్. బంతి చేతిలకొస్తది, అన్ని దిక్కుల ఉబ్బి ఉంటది. గది సాలిడ్."

సాయిప్రియకు పాఠం తలకెక్కింది. క్యాలెండరు మీది చౌకం గడి ఫ్లాట్ అంది. గ్యాస్ సిలిండరు సాలిడ్ అంది. జమున పీట మీద ఒత్తిన రొట్టె ఫ్లాట్, పెనం మీద పొంగిన రొట్టె సాలిడ్, ఆవిరి పోయి కూలబడ్డ రొట్టె మళ్ళీ ఫ్లాట్ అని తేల్చింది.

"తినేసెయ్, లొల్లి ఒడుస్తది" అంది జమున.

"పప్పా, మరి మన ఇల్లు?"

ముత్యం గడ్డం మీద బ్లేడు నడిపిస్తున్నాడు. "ఇల్లంటే పెద్ద పెట్టె లెక్క. నాలుగు దిక్కుల గోడలు, మీద కప్పు. సాలిడ్."

"ఫ్లాట్ కాదా?"

"కాదు. ఎవ్వరడిగినా గట్లనే చెప్పు. భయపడకు, గట్టిగ చెప్పు."

తర్వాత స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వచ్చే పార్టీ కోసం శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించే లోచోను వేడి వేడిగా తెద్దామని బయలుదేరాడు. ఫోను చార్జింగులోనే మరచిపోయాడు. ఆదివారం పొద్దున సూరత్‌లో లోచో బండి దగ్గర వరుస ఎంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అతను ఆ వరుసలో ఉండగా ఇంటి దగ్గర జరిగిన సంగతి ఇది. శివకృష్ణ అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. బ్యాంకు మనిషి కనక టక్ చేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని వచ్చాడు. జమున డాబా మీద బట్టలు ఆరేస్తోంది. తలుపు తీసింది సాయిప్రియ.

"మీ ఫ్లాట్ చూద్దామని వచ్చానమ్మా."

"ఇది ఫ్లాట్ కాదు."

శివకృష్ణ తలుపు మీది నంబరు మళ్ళీ చూసుకున్నాడు. "ముత్యం గారి ఫ్లాట్ ఇదే కదా?"

"ముత్యం మా పప్పనే. ఫ్లాట్ కాదని పప్పనే చెప్పిండు. ఎవ్వరడిగినా గట్లనే చెప్పమన్నడు."

కొత్త మనిషికి తడబడకుండా జవాబు చెప్పడం ఆ పిల్లకు అదే మొదటిసారి. సంతోషంగా తలుపు వేసుకుంది.

శివకృష్ణకు అప్పుల పత్రాలు పరిశీలించడమే ఉద్యోగం. అనుమానం లేకపోతే ఆయనకు జీతం లేదు. నెమ్మదిగా మెట్లు దిగి, కింద కూర్చుని మెంతికూర తుంచుతున్న ఆ బిల్డింగు ముసలామె కొమురవ్వను అడిగాడు. "అమ్మా, ఈ బిల్డింగులో ఉన్నవి ఫ్లాట్లు కావా?"

ఫైలు పట్టుకున్నవాడు మంచి కబురు తేవడం కొమురవ్వ ఎన్నడూ చూడలేదు. కూర అక్కడే వదిలి మెట్లెక్కింది. "మున్సిపాలిటీ సారు ఒచ్చిండు. ఇవి ఫ్లాట్లు కావంటున్నడు" అని మొదటి అంతస్తులో చెప్పింది. రెండో అంతస్తుకు చేరేసరికి సారు నోటీసు కూడా ఇచ్చాడు. మూడో అంతస్తులో బుల్డోజరు రింగ్ రోడ్డు దాటింది.

ముత్యం లోచో పొట్లంతో తిరిగి వచ్చేసరికి మెట్ల మీద నుంచి పరుపులు దిగుతున్నాయి. వాటి వెనక గ్రైండరు దిగుతోంది. సొసైటీ ప్రెసిడెంటు నరసింహులు రైల్వేలో రిటైరైన మనిషి, ఏలూరు వైపువాడు. ఆయన గేటు దగ్గర కుర్చీ ఎక్కి, "ఎవరూ కంగారు పడకండి, నేను చూసుకుంటున్నాను కదా" అంటున్నాడు. ఆయన భార్య తాయారమ్మ స్టీలు బిందెలు రెండు చంకల్లో పెట్టుకుని ఆయన పక్కనుంచే బయటికి పోతోంది.

"ఏమైంది అవ్వా?" అని కొమురవ్వను అడిగాడు ముత్యం.

"కూలగొడ్తరట. అగో, ఆ సారే ఒచ్చిండు."

గేటు అవతల వేపచెట్టు కింద, ఫైలు చంకలో పెట్టుకుని, ఎవరికో పదే పదే ఫోను చేస్తూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.  ముత్యానికి బిల్డింగు పోతుందన్న బాధ కంటే ముందు, పార్టీ వచ్చే వేళయిందన్న సంగతి గుర్తొచ్చింది. ఆ క్షణంలో అతనికి వచ్చిన ఆలోచన మంచిది కాదు. కానీ వచ్చింది. పొట్లం విప్పి ఆ మనిషి చేతిలో పెట్టాడు.

"తినుండ్రి సార్. వేడిగున్నది."

"ఎందుకండీ?"

"పొద్దుగాల తిన్నరో లేదో అని." ముత్యం గొంతు తగ్గించాడు. "సార్, మీ పని మీరు చెయ్యుండ్రి, నేను అడ్డం రాను. గని ఇయ్యాల ఒక పార్టీ మా ఫ్లాట్ చూడనీకి ఒస్తున్నడు. గాయన ఒచ్చి బయానా ఇచ్చి పోయేదాక జర ఈ ముచ్చట బయట పెట్టకుండ్రి. మీకు పుణ్యముంటది."

ఆ మనిషి నోటిదాకా వచ్చిన ముద్ద ఆగింది. "మీ పేరు?"

"ముత్యం సార్. మూడో అంతస్తు."

"నేను శివకృష్ణనండీ. ఇందాకటి నుంచి మీకే ఫోను చేస్తున్నాను."

ముత్యానికి నిలబడ్డచోటే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.  శివకృష్ణ పొట్లాన్ని తిరిగి అతని చేతిలో పెట్టాడు. అందులోంచి ఒక ముద్ద అప్పటికే తగ్గింది.

అంతలో ఒక టెంపో హారను కొట్టుకుంటూ లోపలికి వచ్చింది. దాని ముందు సీట్లోంచి బిల్డరు జయంతిభాయ్ దూకినట్టే దిగాడు. నరసింహులు ఆయనకు ఫోను చేసి, "మున్సిపాలిటీ మనిషి వచ్చి ఇవి ఫ్లాట్లు కావంటున్నాడు" అని మాత్రమే చెప్పాడు. ఫ్లాట్లు కాకపోతే మరేమిటో జయంతిభాయ్‌కి బాగా తెలుసు. ఎవరితోనూ మాట్లాడకుండా మెట్ల పక్కన ఉన్న గదివైపు పరుగెత్తాడు.

దాన్ని అందరూ కరెంటు గది అంటారు. తలుపు మీద పుర్రె బొమ్మ, దాని కింద "అపాయం" అన్న బోర్డు. పిల్లలను అటు పోనిచ్చేవాళ్ళు కాదు. జయంతిభాయ్ జేబులోంచి తాళంచెవి తీసి ఆ తలుపు బార్లా తెరిచాడు. కూలీలు లోపలినుంచి చీరల బేళ్ళు మోసుకొచ్చి టెంపోలోకి ఎక్కించసాగారు. ఒక్కొక్క బేలూ బయటికి వస్తుంటే లోపల ఒక్కొక్కటే కనబడసాగాయి. నున్నటి టైల్సు, నాలుగు ఫ్యాన్లు, వెడల్పాటి కిటికీలు. ఇళ్ళు అమ్మేటప్పుడు కాగితంలో బొమ్మ వేసి చూపించిన కమ్యూనిటీ హాలు అది. మున్సిపాలిటీ దాన్ని ప్లానులోంచి కొట్టేసిందని జయంతిభాయ్ అప్పట్లో కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు.

చివరి బేలు ఎక్కాక ఆయన శివకృష్ణ ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "సాహెబ్, దేఖ్ లో. గోడౌన్ ఖాలీ."

"నేను బ్యాంకులో పనిచేస్తానండీ" అన్నాడు శివకృష్ణ.

 నరసింహులు కుర్చీ దిగి, రైలు పట్టాలు తప్పితే వేసే విచారణ లాంటిది మొదలుపెట్టాడు. ఎవరు ఎవరికి చెప్పారని ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తుకు, అక్కడినుంచి కొమురవ్వకు, ఆమెనుంచి శివకృష్ణకు వచ్చింది. శివకృష్ణ వేలు పైకి చూపించాడు. జమున చేయి పట్టుకుని సాయిప్రియ అప్పుడే కిందికి దిగుతోంది.

"పాపా, ఇది ఫ్లాట్ కాదని నీకెవరు చెప్పారమ్మా?" అని అడిగాడు నరసింహులు.

"పప్ప" అంది సాయిప్రియ. అంతమంది తనవైపే చూస్తున్నా పిల్ల బెదరలేదు. "నేల మీద గీస్తే ఫ్లాట్. పెట్టె సాలిడ్. బిల్డింగ్ పెద్ద పెట్టె. ఫ్లాట్ ఎట్లైతది?"

ఆ మాటలోని తప్పు ఎవరూ పట్టలేకపోయారు. జమున చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జయంతిభాయ్‌కి తెలుగు రాదు. ఎవరో హిందీలో చెబితే విని, కొంచెంసేపు పిల్లవైపు చూసి, బేళ్ళు మళ్ళీ దించమని కూలీలకు సైగ చేశాడు.

కానీ అప్పటికే కొమురవ్వ మెంతికూర పళ్ళెంతో హాలు నడుమ కూర్చుని ఉంది. ఆమె పక్కన ఎవరో పరుపు పరిచారు. ఇంకొకరు గ్రైండరు దించారు. మళ్ళీ మూడంతస్తులు మోసే ఓపిక లేనివాళ్ళంతా సామానుతో సహా ఫ్యాన్ల కింద చేరారు. తాయారమ్మ బిందెలు కిటికీలో పెట్టింది. "హటో, హటో" అన్నాడు జయంతిభాయ్. "కూసో భాయ్, గాలి మంచిగొస్తున్నది" అంది కొమురవ్వ. కొంతసేపటికి టెంపో వచ్చిన బరువుకంటే ఎక్కువ బరువుతో వెళ్ళిపోయింది.

ముత్యం గేటు దగ్గరే శివకృష్ణను పట్టుకున్నాడు. "సార్, తప్పైపోయింది. ఫ్లాట్ ఫ్లాటే. ఒక్కసారి పైకొచ్చి చూడుండ్రి."

"మీ పాప మీరు చెప్పమన్నది చెప్పిందండీ. మీరేమో చెప్పొద్దని నన్నే బతిమాలారు" అన్నాడు శివకృష్ణ. కోపంగా అనలేదు. అందుకే ముత్యానికి ఎక్కువ గుచ్చుకుంది. "బిల్డింగు మాత్రం నచ్చింది. ఇంత మంచి హాలున్న చోటు ఈ చుట్టుపక్కల నేను చూడలేదు."

ఆ మాట వినగానే ప్రెసిడెంటు నరసింహులు శివకృష్ణ భుజం మీద చెయ్యి వేసి, నాలుగో అంతస్తులో ఖాళీగా ఉన్న తన రెండో ఫ్లాట్ చూపించడానికి తీసుకుపోయాడు. దాని సంగతి అప్పటిదాకా ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ ఫ్లాట్ కొని శివకృష్ణ కుటుంబం సరిగ్గా ముత్యం నెత్తిమీది ఇంట్లో దిగింది. ముత్యం ఇప్పటికీ జోల్వాకు మోటార్‌సైకిల్ మీదే పోతున్నాడు. రాత్రి జమున అతని నడుముకు మందు రాస్తుంది. ఇల్లు అమ్ముదామన్న మాట అతను మళ్ళీ ఎత్తలేదు గనక కొంచెం ఎక్కువసేపే రాస్తుంది.

హాలు చేతికొచ్చిన మరుసటి ఆదివారం సొసైటీ మొదటి మీటింగు అందులోనే జరిగింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేలేదాకా హాలుకు తాళం వేసి ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.