గుట్ట మట్టి, ఖాళీ కుండీ

ఆ ఉదయం కోడలి ఏర్పాటు చాలా సులువైనది. మూతపడ్డ గని పక్కన పోగైన బూడిదరంగు గుట్ట నుంచి తెచ్చిన మట్టి వరండాలో పేపరు మీద ఆరుతోంది. పది గంటలకు సంచీలో పోసుకుని ప్రయోగశాలకు తీసుకెళ్లాలి. ముప్పై ఏళ్లుగా గడ్డిపోచ మొలవని గుట్ట అది. మట్టి పనికొస్తుందని తేలితే మొక్కలు నాటుతారు, లేదంటే సిమెంటు కప్పేస్తారు. మట్టి పరీక్షల ఉద్యోగంలో ఆమె ఇంత ఆశపడ్డ మట్టి ఇంకొకటి లేదు.

ఆమె స్నానానికి వెళ్లగానే అత్తగారు వరండాలోకి వచ్చారు. దుమ్మంటే ఆవిడకు ఒళ్లుమంట. కడిగి బోర్లించి ఉన్న ఖాళీ కుండీని తిప్పి మట్టిని అందులోకి ఎత్తి, అలవాటుగా చెంబెడు నీళ్లు కూడా పోశారు. అప్పుడొచ్చాడు కొడుకు, ఆవలిస్తూ.

"అమ్మా, అది ఆఫీసు మట్టి."

"ఆఫీసుకి మట్టెందుకురా?"

"తన ఉద్యోగమే అది కదమ్మా."

తడిసిన మట్టిని మళ్లీ ఆరబెట్టే వేళ లేదు. తల్లీకొడుకులు టమాటా మొక్క మొదట్లోని పొడిమట్టి తవ్వి పేపరు మీద పరిచారు. రంగు కుదరకపోతే కొడుకు గుప్పెడు బూడిద కలిపాడు.

పది రోజులకు ఫలితం వచ్చింది. అంత సారమున్న మట్టిని పైఅధికారి పుస్తకాల్లోనే చూశాడు. ఆనందం పట్టలేక మొక్కల లారీలకు, విలేకరులకు ఒకేసారి కబురు పెట్టేశాడు. కోడలు మాత్రం జల్లెడలో మిగిలిన టమాటా గింజనే చూస్తోంది.

"ఒకసారి మా ఇంటికెళ్లి చూడాలి సార్."

"పదండి, నేనూ వస్తా" అన్నాడాయన, నీరసంగా.

కొడుకు వెనక్కి తగ్గినా అత్తగారు దాచలేదు. "తప్పు నాదేనమ్మా. నీ మట్టి ఆ కుండీలో ఉంది."

లారీలు బయలుదేరిపోయాయని గుర్తొచ్చి అధికారి గోడకు జారగిలబడ్డాడు. కుండీ మీదకు వంగిన కోడలు అలాగే ఉండిపోయింది. బూడిదరంగు పెళ్లను పగలగొట్టుకుని, వెంట్రుకంత సన్నగా, పచ్చగా, ఏడు గడ్డిపరకలు.

"ఏం వేశారు అత్తయ్యా?"

"ఏం వేస్తానమ్మా? దాహమేస్తుందేమోనని రోజూ కాసిని నీళ్లు పోశాను."

"గుట్ట మీద వాన నిలవదు సార్, జారిపోతుంది" అంది కోడలు. "గింజలు లోపల బతికే ఉన్నాయి. ఇన్నేళ్లూ."

అధికారి కళ్లజోడు తీసి నేల మీద కూర్చుండిపోయాడు. నలుగురూ ఊపిరి బిగబట్టి చూశారు. తమకంటే పెద్ద ఓపిక ముందు అంతకంటే ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. మాట్లాడితే అవి బెదిరిపోతాయేమో అనిపించింది.

గుట్టకు నీళ్లు నిలిచే గట్లు కడతామని, మొక్కలు నాటుతామని నివేదిక తయారైంది. అందులో 'పరీక్షా విధానం' అన్న గడి దగ్గర కోడలు చాలాసేపు ఆలోచించి, 'అత్తగారు' అని రాసి సంతకం పెట్టింది.