ఆరు తూటాలకు పద్దెనిమిది మంది

తూటాల కొరత తెలుగు సినిమాకు పట్టిన అదృష్టమని నేను ఘంటాపథంగా చెబుతున్నాను!

నవ్వకండి. పదిహేనేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో సీన్లు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. తుపాకీ గురించి నాకు తెలిసినంత పోలీసులకు కూడా తెలియదు. పాపం, వాళ్ల రివాల్వర్‌లో ఆరే తూటాలు పడతాయి. మా హీరో రివాల్వర్‌లో నలభై పడతాయి! ఆయన మంచి ఊపు మీదుంటే ఇంకో పది.

ఆ దుబారాకు మా నిర్మాత సూర్యప్రకాశరావు గారు అడ్డుకట్ట వేశారు. క్లైమాక్స్ చదివి, కళ్లజోడు తీసి నా వంక చూశారు.

"రైటర్ గారూ, రివాల్వర్‌లో ఎన్ని పడతాయండీ?"

"ఆరండీ."

"మరి పద్దెనిమిది మందిని చంపారేంటండీ? మిగతా పన్నెండూ మీ ఇంటినుంచి తెస్తారా?"

నేను పెన్ను తీసి స్క్రిప్టు అంచున భాగహారం చేశాను. తూటాకు ముగ్గురు.

సినిమాకు వాడేది ఉత్తుత్తి తూటాయే. చప్పుడుంటుంది, పొగ ఉంటుంది, లోపల గుండు ఉండదు. కానీ దాని ధర మాత్రం ఉత్తుత్తిది కాదు! అందుకని చవకలో మంచివి ఎంచడానికి జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ షాపులో సమావేశమయ్యాం. ఆ రోజు తాగిన కాఫీల డబ్బుతో చిన్నపాటి యుద్ధం తీయొచ్చు. అది వేరే సంగతి.

తుపాకులు అద్దెకిచ్చే టోలిచౌకి ఆయన రెండు రకాలు చూపించాడు. మొదటిది పేలితే పావురాలు లేస్తాయి. ధర వింటే మనమూ లేస్తాం. రెండోది చవక. పొగ బాగానే వస్తుంది గానీ చప్పుడు మాత్రం ఆవులింతలా ఉంటుంది. మూడో మార్గంగా దీపావళికి పిల్లలు బొమ్మ తుపాకీలో కాల్చే రీలు పెడదామన్నాను. నాలుగోది మా దర్శకుడు నిఖిల్ సొంత గొంతు. "ఢాం!" అని తనే అంటాడట! పూర్తిగా ఉచితం. కానీ ఆయన అన్న ప్రతిసారీ హీరోకు నవ్వొస్తోంది. చివరికి మొదటి రకంలోనే ఆరంటే ఆరు తీసుకున్నాం.

మళ్లీ లోడ్ చేసే షాట్ సంగతేమిటంటారా? కాల్చిన ఖాళీ గొట్టాలే ఏరి, తువ్వాలుతో తుడిచి, మళ్లీ అవే నింపడం! పెళ్లిళ్లలో చదివించిన గోడ గడియారం పది ఇళ్లు తిరగడం లేదూ? ఇదీ అంతే.

ఇక లాభాలు చూడండి. ఒక్కో తూటాకు ముగ్గురు చావాలి కాబట్టి రౌడీలు ముగ్గురేసి చొప్పున ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడతారు. రేషన్ షాపు ముందు కూడా ఇంత క్రమశిక్షణ నేను చూడలేదు! విలన్‌కు తూటా మిగలక, అతను పశ్చాత్తాపపడి హీరో కాళ్ల మీద పడతాడు. కథలో మానవత్వం పెరిగిందని అందరూ నన్ను మెచ్చుకున్నారు. దేశంలో అహింస ఇంత చవగ్గా ఇంకెక్కడైనా దొరుకుతుందా?

షూటింగు నిర్మాత గారి సొంత ఇంటి పచ్చికలోనే. లొకేషన్ అద్దె కూడా కలిసొచ్చింది. పొద్దున్నే హీరో ఆరు తూటాలూ పేల్చాడు. పద్దెనిమిది మందీ చక్కగా పోయారు.

ఇక్కడ మా వాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. సినిమాలో చచ్చినవాడు షాట్ అవగానే లేచిపోకూడదు. కెమెరా తిరుగుతుండగానే కళ్లు తెరిచి, దానివంక చూసి ఒకసారి నవ్వాలి. చావు ఉత్తుత్తిదేనని పైవాడికి తెలియజేయడం అన్నమాట. ఆ నవ్వు సినిమాలో ఎవరికీ కనిపించదు. కానీ అది లేకుండా లేస్తే ఆ మనిషికి అరిష్టమని నమ్మకం.

ఒక్కొక్కరి దగ్గరికి కెమెరా జరిపి పద్దెనిమిది నవ్వులు తీయాలంటే గంట పడుతుంది. జనరేటరేమో గంటల లెక్కన తిరుగుతోంది. నిఖిల్‌కు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"తూటాకి ఒకరు నవ్వండి చాలు. వరసలో ముందున్నవాళ్లు వెనకవాళ్ల తరఫున కూడా నవ్వేస్తారు!"

ఆరుగురు నవ్వారు. మిగతావాళ్లు గొణుక్కుంటూ లేచారు. ఒక్కడు మాత్రం లేవలేదు. రెండో వరసలో మూడోవాడు. కృష్ణానగర్ పోచయ్య. నిఖిల్ పరుగెత్తుకెళ్లి తట్టి చూశాడు.

"నేను లేవ సార్," అన్నాడు పోచయ్య, కళ్లు మూసుకునే. "ఇరవై రెండేండ్ల సంది సస్తున్న. ఒక్కపారి గూడ నవ్వకుండ లేవలే. ఇంట్ల నా పెండ్లాం బాలమణి రోజు అడుగుతది, నవ్వినవా అని. అబద్ధం ఎట్ల జెప్పాలె?"

"నీ ముందువాడు నవ్వాడు కదయ్యా!"

"గాయన నవ్వితే గాయన పెండ్లాం బొట్టు ఉంటది సార్. నా పెండ్లానికి నేను నవ్వాలె. జర కెమెరా ఇటు తిప్పున్రి, నాలుగు సెకండ్లు."

ఆ నాలుగు సెకండ్లు ఎందుకు ఇవ్వకూడదో నిర్మాత గారు నలభై నిమిషాలు వివరించారు. ఒకడికి ఇస్తే మిగతా పదకొండు మందీ అడుగుతారన్నారు. రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. పోచయ్య ఎండలో అలాగే పడుకున్నాడు. భయపడుతున్నాడని మూసిన రెప్పలే చెబుతున్నాయి. నేను అక్కడే ఉన్నాను. ఏం చేశానంటే, నా స్క్రిప్టులోకి చూస్తూ నిలబడ్డాను.

అంతలో నిర్మాత గారి భార్య శేషారత్నం గారు మెట్లు దిగి వచ్చారు.

"ఏవండీ, ఎవరండీ ఆ పడుకున్నది?"

"చచ్చినవాడే. నవ్వలేదని లేవడం లేదు."

ఆవిడ గుండెలు బాదుకున్నారు. "అయ్యయ్యో! శుక్రవారం పూట, నా వాకిట్లో, నవ్వని శవమా! ఇల్లు ఏమైపోవాలండీ? తిప్పించండి ఆ కెమెరా! పన్నెండు మందినీ నవ్వించండి! గుమ్మడికాయ ఏదీ?"

రెండు నిమిషాల్లో కెమెరా తిరిగింది. గుమ్మడికాయ పగిలింది. పోచయ్య కళ్లు తెరిచి, పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. తర్వాత మిగతా పదకొండు మందీ నవ్వారు. పోచయ్య ఆయుష్షుకు దొరకని జనరేటర్ జూబ్లీహిల్స్ ఇంటి శుభానికి దొరికింది!

ఒంటికంటిన గడ్డి దులుపుకుంటూ పోచయ్య నా దగ్గరికి వచ్చాడు.

"సార్, నన్ను సంపే కాడ ఏం రాసిన్రు? జర సదివి జెప్పున్రి."

చదవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. 'రౌడీలు చస్తారు.' రెండే మాటలు. పదిహేనేళ్లుగా ప్రతి సినిమాలోనూ ఆ రెండు మాటలే రాస్తున్నాను. అందులో ఎంతమంది పోచయ్యలున్నారో, ఎంతమంది నవ్వకుండా లేచారో నేనెప్పుడూ అడగలేదు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. తూటాల కొరత మంచిదే! కాకపోతే నిర్మాత గారు దాన్ని రివాల్వర్‌కు పెట్టారు. ముందుగా పెట్టాల్సింది నా కలానికి.