ఇన్నారెడ్డికి ఇంకా తగలని దెబ్బ

సోమవారం ఉదయం పది గంటలలోపు క్రమశిక్షణ విభాగం పూర్తి చేయవలసిన పనులు ఇవి: ఆదివారం మ్యాచిలో మోచేతి దెబ్బకు గాలిలోకి లేచి, విచారణ ముగిసేదాకా కింద పడకుండా అక్కడే ఉన్న తుమ్మా ఇన్నారెడ్డికి టిఫిను అందించడం, తాను ఇంకా పడలేదని అతని చేత సంతకం చేయించడం, అతనికి సూటిగా కింద ఉన్న మంచు మీద గుండ్రంగా గీత గీయడం, కొట్టిన చల్లా భద్రాచలం మోచెయ్యి ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి రాసుకోవడం, ఇద్దరి ఇళ్లకూ కబురు చేయడం, మిగతా మంచు ఊడ్చి సాయంత్రం మ్యాచికి సిద్ధం చేయడం. జూనియర్ అసిస్టెంటు సువార్త ఇవన్నీ పదింబావుకు ముగించింది. ఆ పావుగంట ఆలస్యానికి కారణం టిఫినే. కర్ర చివర ఇడ్లీ నిలవలేదు. గారెకు చిల్లు ఉంటుంది కాబట్టి నిలిచింది.

పల్నాటి మంచు హాకీ సంఘం నియమావళిలో ఈ విషయం స్పష్టంగానే ఉంది. ప్రమాదకరమైన దెబ్బ మీద విచారణ మొదలైతే, తీర్పు వచ్చేదాకా ఘటనాస్థలంలో యథాతథ స్థితి కొనసాగాలి. రెంటచింతలలో ఎండ నలభై ఏడు డిగ్రీలు దాటినా స్టేడియంలో మంచు కరగకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. కరగడానికి పెట్టిన ఫైలు మీద ఇంకా ఎవరూ సంతకం చేయలేదు.

ఇన్నారెడ్డికి ఇరవై నాలుగేళ్లు. రెంటచింతల వడగాడ్పులు జట్టులో ముందువరస ఆటగాడు. మంచుకు ఆరడుగుల ఎత్తున, నులకమంచం మీద వాలినట్టు ఏటవాలుగా, తల కిందివైపు, స్కేట్లు పైవైపు ఉండిపోయాడు. అతన్ని కొట్టిన భద్రాచలం పిడుగురాళ్ల సున్నపురాళ్లు జట్టువాడు. యథాతథ స్థితి అతనికీ వర్తిస్తుంది కాబట్టి అతని కుడి మోచెయ్యి దవడ ఎత్తున లేచే ఉండాలి. మిగతా శరీరంతో ఎక్కడికైనా వెళ్లవచ్చు.

నిచ్చెనెక్కి పరీక్షించిన డాక్టరు గాయాల కాలమ్‌లో "ఇంకా లేదు" అని రాశాడు. దిగుతుంటే ఇన్నారెడ్డి అక్క ఆరోగ్యమ్మ నిచ్చెన పట్టుకుని ఆపింది. తల్లి పోయినప్పటి నుంచి తమ్ముణ్ణి పెంచింది ఆమే.

"నొప్పేం లేదంటన్నాడు సార్. నవ్వతన్నాడు కూడా."

"నొప్పి ఎందుకుంటుందమ్మా? దెబ్బ కొట్టారుగానీ అది ఇంకా చేరలేదు. తీర్పొచ్చినాక చేరుద్ది. ముందు తలే తగులుద్ది, మెడ మీదుగా."

"బతుకుతాడా?"

"ఇప్పుడైతే బతికే ఉన్నాడుగా," అని డాక్టరు టీకి వెళ్లాడు.

విచారణ సంఘానికి అధ్యక్షుడు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరైన పురుషోత్తమరావు. నిజాయితీపరుడు. సోమవారం పదిన్నరకు వీడియో వేశారు. దెబ్బ మొత్తం ఒక్క సెకను. ఎవరికైనా సందేహం ఉంటే వేగం సగానికి తగ్గించి మళ్లీ చూడాలని నియమం. ఆయనకు సందేహం కలిగింది. రెండోసారి రెండు సెకన్లు పట్టింది. మూడోసారి నాలుగు. మధ్యాహ్నం మూడింటికల్లా పద్నాలుగుసార్లు చూశారు. పన్నెండు రోజులకు ఇరవై పూర్తయ్యాయి. ఇరవై ఒకటోసారి చూడటానికే ఇంకో పన్నెండు రోజులు కావాలని సువార్త కాగితం మీద లెక్క వేసి చూపించింది. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఆమె లెక్కను ఎవరూ రెండోసారి చూసుకోరు. సంఘం మూడు షిఫ్టులు పెట్టింది.

ఈలోగా మ్యాచులు ఆగలేదు. ఆటగాళ్లు ఇన్నారెడ్డి కింద నుంచి తల వంచుకుని పోయేవారు. పైనుంచి మైదానమంతా కనిపిస్తుంది కాబట్టి అతను ఊరుకోలేకపోయేవాడు.

"ఎడమకి కొట్టరా, ఎడమకి! అక్కడెవుడూ లేడు! అబ్బ, నీ తెలివి తెల్లారా!"

ఇది అన్యాయమని ఎదుటి జట్లు ఫిర్యాదు చేశాయి. మంచును తాకనివాడు ఆటగాడు కాడనీ, ప్రేక్షకుడనీ, ప్రేక్షకుడు అరవవచ్చుననీ సంఘం జవాబిచ్చింది. వడగాడ్పులు వరసగా తొమ్మిది మ్యాచులు గెలిచాయి.

వడగాడ్పుల కెప్టెను మర్రెడ్డి ప్రతి సోమవారం ప్రతిదెబ్బకు దరఖాస్తు పెట్టేవాడు. తమవాణ్ణి కొడితే నలభై ఎనిమిది గంటల్లో తిరిగి కొట్టడం జట్ల మధ్య ఆనవాయితీ. సువార్త ప్రతి దరఖాస్తునూ వాపసు చేసేది.

"మొదటి దెబ్బ ఇంకా తగల్లేదండీ. తగలని దానికి బదులెట్టా ఇస్తారు?"

"అందరూ చూశారుగా తల్లీ!"

"చూడ్డం వేరు, తగలడం వేరండీ."

మర్రెడ్డి కొన్నాళ్లు పళ్లు నూరాడు. తర్వాత అలవాటుపడ్డాడు. సోమవారం దరఖాస్తుతోపాటు ఆఫీసుకు జంతికలు కూడా తెచ్చేవాడు.

భద్రాచలానికి ఆటలేదు. మోచెయ్యి లేపుకుని ఇంట్లో తిరుగుతుంటే ఉట్టి తెగి పెరుగు కిందపడింది. భార్య కేకలేసింది. ఏం తోచక రోజూ స్టేడియానికి రావడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆరోగ్యమ్మ అతని వైపు చూసేది కాదు. ఒకరోజు తమ్ముడికి టిఫిను అందిస్తూ ఆమె చేతులు నొప్పెట్టి కర్ర వణికితే, అతను ఎడంచేత్తో పట్టుకున్నాడు.

"పైకెత్తు. ఇంకొంచెం. వాడి నోరు కనపడట్లేదా నీకు?" అంది ఆరోగ్యమ్మ.

"కనపడతందక్కా."

"అక్కా లేదు బొక్కా లేదు. చట్నీ కారతంది, చూసుకో."

పైనుంచి ఇన్నారెడ్డి పగలబడి నవ్వాడు. "మావాణ్ణేమనబాకక్కా! చెయ్యెత్తే పని బాగానే చేస్తాడు, నేను సాక్షి!"

ఆ తర్వాత గారెలు భద్రాచలమే అందించాడు. ఆవకాయ కాలంలో ముద్దలు కలిపి గుచ్చడం నేర్చుకున్నాడు. ఇన్నారెడ్డి ఇరవై ఐదో పుట్టినరోజుకు రెండు జట్లూ కలిసి మంచు మీద బంతిపూలు పరిచాయి, గీత లోపల మాత్రం వదిలేశాయి. ఆ గుండ్రం లోపల ఏ వస్తువూ పెట్టకూడదు. పరుపు వేయమని సువార్త మూడుసార్లు నోట్ రాసింది. పరుపు వేస్తే స్థితి మారుతుందని మూడుసార్లూ తిరిగొచ్చింది. ఆరోగ్యమ్మ ఇంట్లో దూది పరుపు ఒకటి చుట్టిపెట్టి అలాగే ఉంది.

వీడియో ఇరవై ఐదో ప్రదర్శన ముగిసేసరికి దెబ్బ కొట్టి ఏడాది దాటి ఇరవై మూడు రోజులైంది. పురుషోత్తమరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకిప్పుడంతా స్పష్టంగా కనిపించింది. భద్రాచలం మోచెయ్యి ఆటలో భాగంగానే లేచింది. కావాలని కొట్టలేదు. తప్పు లేదు. అతను రేపటి నుంచి ఆడుకోవచ్చు."

మిగతా ఇద్దరు సభ్యులు తలూపారు. సువార్త తీర్పు టైపు చేసి తెచ్చింది. సంతకం ఒక్కటే తక్కువ. అది పడితే విచారణ ముగిసినట్టు. విచారణ ముగిస్తే ఇన్నారెడ్డి పడతాడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. కిటికీలోంచి అతను కనిపిస్తున్నాడు కూడా. ఈల వేస్తున్నాడు.

"వద్దయ్యా," అంది తీర్పు వినడానికి వచ్చిన ఆరోగ్యమ్మ. "మాకు న్యాయం వద్దు. ఫైలు అట్టా ఉండనీయండి."

"న్యాయం ఆలస్యం చేయకూడదమ్మా. ఇప్పటికే ఏడాది దాటింది." ఆయన నిజంగానే బాధపడ్డాడు.

"నాకు సందేహముంది!"

"దెబ్బ తిన్నవాడి బంధువులకు సందేహం ఉండకూడదు. నియమం."

ఆమె సువార్త వైపు చూసింది. ఆఫీసు సిబ్బందికీ ఉండకూడదు. సువార్త తల దించుకుని నియమావళి పేజీలు తిప్పింది. గదిలో ఇక మిగిలింది భద్రాచలం ఒక్కడే. అతను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మోచెయ్యి కింద చొక్కా చెమటకు తడిసి అంటుకుపోయింది. ఆ చెయ్యి దించి ఎన్నాళ్లైందో, రాత్రుళ్లు అతను ఏ పక్కకు తిరిగి పడుకుంటున్నాడో ఎవరూ అడగలేదు. తీర్పు అతనికి అనుకూలంగానే ఉంది.

పురుషోత్తమరావు కలం మూత తీశాడు.

"అయ్యా, నాకో సందేహమండీ," అన్నాడు భద్రాచలం.

"నువ్వు గెలిచావయ్యా!"

"అవునండీ. కానీ నేను కావాలనే కొట్టానేమో అని సందేహంగా ఉందండీ."

"నీకు తెలియదా?"

"కొట్టినప్పుడు తెలిసిందండీ. తర్వాత రోజూ అన్నం పెడతన్నానుగా. ఇప్పుడు సరిగ్గా గుర్తురావట్లా. ఇంకొంచెం నిదానంగా చూస్తే బాగుంటదండీ."

నియమావళిలో కొట్టినవాడికి సందేహం ఉండకూడదని ఎక్కడా లేదు. ఎవరికీ ఉంటుందని అనుకోలేదు కాబోలు. సువార్త ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. పురుషోత్తమరావు రెండుసార్లు చదివి, కలానికి మూత పెట్టి, "వేగం సగానికి తగ్గించండి," అన్నాడు. ఆరోగ్యమ్మ భద్రాచలాన్ని ఒక్క దెబ్బ వేసింది, వీపు మీద, గట్టిగా. దాని మీద ఎవరూ విచారణ కోరలేదు. బయట ఇన్నారెడ్డికి విషయం చెబితే మంచు దద్దరిల్లేలా అరిచాడు. ఆ సాయంత్రం మర్రెడ్డి దరఖాస్తు తేవడం మరిచిపోయి, డప్పులు తెచ్చాడు.

సంఘం ఈ పద్ధతిని అన్ని దెబ్బలకూ వర్తింపజేసింది. ఆటగాళ్లు ఇప్పుడు నిశ్చింతగా కొడతారు, ఎందుకంటే ఎవరికీ ఏమీ కాదు. మొన్నటి వార్షిక నివేదిక ప్రకారం దెబ్బలు నలభై ఒకటి, గాయాలు సున్నా, ప్రతిదెబ్బలు సున్నా. గాలిలో ఉన్నవాళ్లు ఎక్కువై కప్పు ఎత్తు పెంచారు. అందరూ కలిసి పాటలు పాడతారు. వినడానికి మాచర్ల నుంచి కూడా జనం వస్తారు. కొట్టినవాళ్లంతా కింద వరసగా నిలబడి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, రెండో చేత్తో అన్నం అందిస్తారు. దేశంలో ఇంత సురక్షితమైన ఆట లేదని సంఘం చెబుతోంది. కాదనడానికి ఒక్క గాయం కూడా లేదు.

ఇన్నారెడ్డి దెబ్బ ఇప్పుడు ఇరవై ఏడోసారి నడుస్తోంది. ముప్పయ్యోది ముగిసేసరికి అతనికి యాభై ఎనిమిదేళ్లు వస్తాయి. అప్పటికి పురుషోత్తమరావు గారుండరు. ఆరోగ్యమ్మ ఉంటుందో లేదో. భద్రాచలం ఉంటాడని ఆశ. కానీ ఎవరో ఒకరు ఆ గదిలో ఉండాలి. చుట్టం కాకూడదు, ఉద్యోగి కాకూడదు. తలుపు వేసి ఉండదు. లోపలికొచ్చి, తీర్పు మీద సంతకం పడేలోగా, సందేహముందని ఒక్క మాట అంటే చాలు. మనిషి పేరు తుమ్మా ఇన్నారెడ్డి, ఊరు రెంటచింతల. దయచేసి గుర్తు పెట్టుకోండి.