ఎలుగుమామ లేచాక

గుంట దాటి వచ్చానే
గుమ్మడి పూవు తెచ్చానే
ఎలుగుమామ లేచాడే...
లేచాడే...

ఒక పెద్ద అడవిలో ఏదులమ్మ అనే ముసలి ముళ్లపందికి ఈ పాట ఇంతవరకే గుర్తుంది. చిన్నప్పుడు తోటి పిల్లలతో గుంటల మీద గెంతుతూ పాడుకున్న పాట. ఎలుగుమామ లేచాక ఏమవుతుందో ఎంత తల గోక్కున్నా తట్టదు. గోక్కున్నప్పుడల్లా రెండు ముళ్లు రాలడమే మిగిలేది.

"తర్వాతేంటే అవ్వా?" అని మనవరాలు వెంపలి రోజూ ప్రాణం తీసేది.

"ఏమో తల్లీ. మేమెప్పుడూ అక్కడిదాకానే పాడినట్టుంది" అనేది ఏదులమ్మ.

వెంపలికి లోకంలో ఆట తప్ప ఇంకేదీ పట్టదు. చీమల బారు కనిపిస్తే దాన్నీ ఆట చేసేస్తుంది. గెలిస్తే ఎంత నవ్వుతుందో, ఓడిపోతే అంతకన్నా ఎక్కువ నవ్వుతుంది. ఆ నవ్వు వింటే చాలు, ఏదులమ్మకు కడుపు నిండిపోయేది.

ఆ రోజుల్లో అడవి కుర్రకారంతా మిణుగురు ఆటల పిచ్చిలో పడింది. పల్చటి అభ్రకం పలక, దాని వెనక బోలెడు మిణుగురులు. ముందున్న గులకరాయి నొక్కితే మిణుగురులన్నీ కలిసి కుందేలు బొమ్మై గెంతుతాయి. ఇంకో రాయి నొక్కితే పులి బొమ్మై తరుముతాయి. అవన్నీ పక్క అడవిలో తయారై వచ్చేవి.

అరణ్య విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న నక్క ఇది గమనించింది.

"మన పిల్లలు ఊరికే ఆడి చెడిపోతున్నారు. ఆడకుండా నేర్చుకుంటే డిగ్రీ వస్తుంది కదా!" అని మిణుగురు ఆటల తయారీలో నాలుగేళ్ల కోర్సు పెట్టేసింది.

వెంపలి ఎగిరి గంతేసింది. "అవ్వా, నీ గుంటల ఆటనే మిణుగురు ఆటగా చేస్తా చూడు!"

"ఆటలకు కూడా బడి పెట్టారా! ఎంత మంచి కాలంలో పుట్టావే" అని ఏదులమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఏదులమ్మ అక్షరాలు నేర్చింది ఈ మధ్యనే, మనవరాలి దగ్గరే. తన ముల్లే ఒకటి పీకి ఇసకలో దిద్దుకుంది. మధ్యాహ్నం వెంపలికి బువ్వ తీసుకెళ్లినప్పుడు, కోర్సు జరిగే గుహ ముందు కూర్చుని కనిపించిన రాతల్నల్లా కూడబలుక్కునేది. మొదటి రోజు గుమ్మం మీది బోర్డు చదివింది.

"ఇ...చ్చ...ట ఆ...ట...లు ఆ...డ...రా...దు."

ఆటల బడి మీద ఇలా ఎందుకు రాస్తారు? ముసలితనంలో వచ్చిన చదువు కదా, తనే తప్పు చదివి ఉంటుందనుకుని మళ్లీ మొదటినుంచి చదివింది. ఎన్నిసార్లు చదివినా బోర్డు మాట మార్చలేదు.

లోపల నెమలి మాస్టారు పాఠం చెబుతోంది. "గెంతు అనగా నేమి? నేలను విడిచి, తిరిగి నేలను చేరుటయే గెంతు. రాసుకోండి."

"ఒకసారి గెంతి చూపిస్తారా సార్?" అంది వెంపలి.

నెమలి మెడ నిక్కించింది. "అమ్మాయీ, నేను గెంతు మీద పీహెచ్‌డీ చేశాను. గెంతడానికి చేయలేదు!"

మిణుగురులు ఎక్కడున్నాయంటే, గుహ మూలన ఎండు సొరకాయ బుర్రలో ఉన్నాయి. మూతికి మైనం పెట్టి మూసేశారు. శాఖాధిపతి ఎలుగుబంటి దాని పక్కనే పడుకుని కాపలా కాసేది. పిల్లలు ముట్టుకుంటే ల్యాబ్ సామాను పాడైపోతుందట. ఏటా ఆయుధపూజ నాడు మాత్రం మూత తీసి, లోపలికి ఇంత పసుపూ ఇంత కుంకుమా వేసి, దండం పెట్టి మళ్లీ మూసేసేవారు.

వెంపలి ఊరుకోలేదు. మిణుగురులు లేకపోతేనేం, అవ్వ ఆటను గుంటలతో, గుమ్మడి పూలతో నేల మీదే తయారుచేసి చూపించింది. ఎలుగుబంటి ఒక కన్ను తెరిచి చూసింది.

"బాగానే ఉందిగానీ, ఆధార గ్రంథాలేవీ?"

"మా అవ్వ పాటండీ."

"అవ్వకు డిగ్రీ ఉందా?"

"లేదండీ."

"సున్నా" అని ఎలుగుబంటి ఆ కన్ను మూసేసింది.

ఆ సాయంత్రం వెంపలి పుట్ట పక్కన కూలబడింది. ఏం పెట్టినా తినలేదు. దాన్ని నవ్వించడానికి ఏదులమ్మ పాట ఎత్తుకుని, ఓపిక లేకపోయినా గుంట మీద గెంతి, దభీమని అందులోనే పడింది.

వెంపలి నవ్వలేదు. "మోకాళ్లు సరిగ్గా వంచలేదవ్వా. సిద్ధాంతం ప్రకారం అది గెంతు కాదు."

ఏదులమ్మ గుంటలోంచి లేవకుండా కాసేపు అలాగే ఉండిపోయింది. దెబ్బ తగిలి కాదు. పిల్లను బడికి పంపితే చదువు రావాలిగానీ, ఉన్న నవ్వు పోవడమేంటి?

మర్నాడు నక్క దగ్గరకెళ్లి, "బాబూ, మా పిల్లను ఒక్క పూట ఆడుకోనివ్వండి, నవ్వడం మర్చిపోయింది" అని బతిమాలింది.

"ముందు పాసవనివ్వండి. పాసయ్యాక ఎవరైనా నవ్వుతారు" అంది నక్క.

ఇంతలో కబురొచ్చింది. కోర్సుకు గుర్తింపు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి సింహం కొలువు నుంచి కొంగ తనిఖీకి వస్తోంది. తను స్వయంగా ఆడి చూస్తుందట.

నక్క గబగబా సొరకాయ బుర్ర మూత తీయించింది. మిణుగురులన్నీ పసుపూ కుంకుమా గడ్డకట్టి పేరంటానికి బయలుదేరినట్టున్నాయి. వెలగండర్రా అంటే తుమ్మాయి.

"పోతే పోయాయి" అంది నక్క. "సాలీళ్లతో తెర నేయించండి. గుహ కప్పులో కన్నం ఉందిగా, ఎండ వెనకనుంచి పడుతుంది. తెర వెనక మనమే ఆడదాం. కొంగకు నీడలే కనిపిస్తాయి, మిణుగురులే అనుకుంటుంది. ఏ ఆట ఆడదాం?"

మాస్టర్లలో ఒక్కరికీ ఒక్క ఆటా రాదు.

"ఆటల చరిత్రయితే చెప్పగలను" అంది నెమలి.

ఎలుగుబంటి ఆవలించి, "ఆ సున్నా వచ్చిన పిల్ల ఏదో గెంతింది" అంది.

వెంపలిని పిలిపించారు. అది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఆడకూడదని బోర్డు ఉంది కదా సార్?"

నక్క వెళ్లి బోర్డు వెనక్కి తిప్పి వచ్చింది.

వెంపలి తెర వెనక గుంటలు తవ్వి, గుమ్మడి పూవు పెట్టేసరికి కొంగ రానే వచ్చింది. తెర ముందు ఒంటికాలి మీద నిలబడి ముక్కుతో గులకరాయి టక్కున పొడిచింది. తెర వెనక వెంపలి, "గెంతండి సార్!" అని గుసగుసలాడింది. నెమలి గెంతింది. గుంటలో పడింది.

"ఇంకో రాయి దేనికి?" అంది కొంగ.

"మళ్లీ మొదలెట్టడానికండీ" అంది నక్క.

టక్. నెమలి లేచి మళ్లీ గెంతింది. తోక అడ్డం పడింది. టక్. ఈసారి దాటింది. పువ్వు తెంపినప్పుడు "టింగ్" అని చప్పుడు రావాలి కాబట్టి, వైస్ ఛాన్సలర్ గారే తెర పక్కన దాక్కుని "టింగ్" అన్నారు. పువ్వు చేతికి రాగానే ఎలుగుమామ లేవాలి. ఎలుగుబంటి నిజంగానే నిద్రపోయింది. వెంపలి వెనకనుంచి ఒక్క ముల్లు గుచ్చింది. ఎలుగుబంటి లేచిన తీరుకు తెర మొత్తం ఊగిపోయింది.

"ఆహా! ఎంత సహజంగా ఉంది!" అని కొంగ రెండో కాలు కూడా కింద పెట్టింది. "తర్వాత?"

తర్వాత ఏముంది? అవ్వ పాట అక్కడితో ఆగిపోయింది, ఆటా అక్కడితోనే ఆగిపోయింది. ముగింపు లేదు.

కొంగకు పట్టుదల వచ్చింది. ముగింపు చూడందే కదలనంది. టక్, టక్, టక్. నెమలి ఈకలు రాలుతున్నాయి. ఎలుగుబంటి పడుకోవడం, లేవడం, పడుకోవడం, లేవడం. నక్క గొంతులో టింగు కాస్తా బొంగురుపోయింది.

"కాళ్లు ఎత్తండి సార్! మోకాళ్లు వంచండి! సిద్ధాంతం మీరే చెప్పారుగా!" అంటూ వెంపలికి ఒక్కసారిగా నవ్వు ముంచుకొచ్చింది. మునుపటి నవ్వే, పొట్ట పట్టుకుని నేల మీద దొర్లే నవ్వు.

గుహ బయట బువ్వ పొట్లంతో కూర్చున్న ఏదులమ్మకు ఆ నవ్వు వినిపించింది. ఒళ్లంతా ముళ్లు లేచి నిలబడ్డాయి.

అంతలో గుహ వెనకనుంచి నక్క పాక్కుంటూ వచ్చింది. "అవ్వా, తల్లీ! ఈ ఆట ఎట్లా అయిపోతుందే? నీ కాళ్లు పట్టుకుంటా."

"వద్దు బాబూ, గుచ్చుకుంటాయి" అంది ఏదులమ్మ. "నాకూ గుర్తు లేదయ్యా."

నిజంగానే గుర్తు లేదు. గుర్తుంటే మాత్రం చెప్పేదా? ఆట అయిపోతే పిల్ల నవ్వు కూడా అయిపోతుందేమో. ఏం చేయాలో తెలియక చేతిలో పొట్లం తడిమి చూసుకుంది. దుంపల బువ్వ చల్లబడుతోంది. పొద్దున్నుంచీ పిల్ల కడుపులో ఏమీ లేదు. అంతే, ఇంకేం ఆలోచించలేదు. గొంతెత్తి కేకేసింది.

"వెంపలీ! బువ్వ చల్లారిపోతోందే!"

తెర వెనక గెంతే నెమలి గాల్లోనే ఆట మర్చిపోయి నేల మీద చతికిలబడింది. ఎలుగుబంటి బువ్వ వాసన ఎగబీల్చుకుంటూ బయటికి నడిచింది. కొంగ పొడవబోయిన ముక్కు పైకెత్తి, "మా అమ్మ కూడా ఇలాగే పిలిచేది" అంది. తర్వాత ఎవరూ రాయి ముట్టలేదు. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు.

ఏదులమ్మకు అప్పుడు తట్టింది. పాటకు ఆ తర్వాత చరణమే లేదు! ఎలుగుమామ లేచేసరికి ఏదో ఒక ఇంటి నుంచి అమ్మ పిలిచేది, అందరూ పరుగెత్తేవాళ్లు. రోజూ అలాగే అయిపోయేది ఆట.

కొంగ వెళ్తూ వెళ్తూ, తెర కింద నుంచి దొర్లి వచ్చిన నెమలి ఈక ఒకటి తీసి రెక్కలో దోపుకుంది. గుహ వైపు చూసి నవ్వుకుంటూ ఎగిరిపోయింది.

సింహం కొలువు నుంచి ఉత్తర్వు వచ్చింది. కోర్సుకు అత్యున్నత శ్రేణి ఇచ్చారు. ఇంత గొప్ప యంత్రాన్ని మూలన పెట్టరాదు, ప్రజలందరి కోసం రోజూ నడపాలి అని రాశారు. పండగలకు సింహం గారు పిల్లాజెల్లాతో వచ్చి ఆడతారట. అప్పట్నుంచి నెమలి రోజూ గెంతుతోంది. ఎలుగుబంటికి పగటి నిద్ర పోయింది. నక్క ఇంట్లో పెళ్లాంతో మాట్లాడినా "టింగ్" అనే వస్తోంది.

వెంపలి సున్నా సున్నాగానే ఉంది. ఆధార గ్రంథాలు ఇంకా ఇవ్వలేదు కదా. వెంపలి సొరకాయ బుర్రలోని మిణుగురుల్ని వాగుకు తీసుకెళ్లి కడిగి వదిలేసింది. కొన్ని పోయాయి, కొన్ని వెంటే వచ్చాయి. వచ్చిన వాటితో పుట్ట నీడలో అభ్రకం పలక పెట్టుకుని ఆట తయారుచేసుకుంటూ కూర్చుంది. బడి వైపు మళ్లీ వెళ్లలేదు.

ఒకరోజు నక్క ఏదులమ్మ ఇంటికి వచ్చింది.

"అవ్వా, వచ్చే ఏడాది నుంచి బువ్వకు పిలవడం కూడా ఒక సబ్జెక్టు పెడుతున్నాం. నీకు డిగ్రీ లేదు కాబట్టి పాఠం చెప్పడానికి పనికిరావు. చేరతానంటే మాత్రం సీటు ఇస్తాను."

ఏదులమ్మ మొహం వెలిగిపోయింది. ఈ వయసులో తనకు కాలేజీ! రాసుకోవడానికి అప్పుడే ఒక కొత్త ముల్లు కూడా పీకేసుకుంది. నక్క వెళ్లగానే మనవరాలి దగ్గరకు పరుగెత్తింది.

"ఏమే వెంపలీ, చేరమంటావా?"

వెంపలి పలక మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పింది. "చేరవే అవ్వా, మంచి చదువే. కాకపోతే అక్కడ చదివినన్నాళ్లూ ఎవర్నీ బువ్వకు పిలవకు, ఫెయిల్ చేసేస్తారు."